"నా ఆటలు యాడికి పోయినాయక్కా?": ఒక లైబ్రరీ పేజీని సరిచేసిన నా అనుభవం

కంప్యూటర్ ఆటలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సంస్థకు నేను కావలిలోని మా ఇంటి నుంచే వెబ్ పేజీలు తయారుచేసి ఇస్తుంటాను. కొన్నవారి ఆటలన్నింటినీ ఒకచోట చూపించే లైబ్రరీ పేజీని వాడుకకు మరింత అనువుగా మార్చమని వారు నాకు పని అప్పగించినప్పుడు, దానితోపాటు ఆరు నెలల ఫిర్యాదుల జాబితా కూడా పంపారు. మాటలు వేరైనా ఎక్కువ ఫిర్యాదుల సారాంశం ఒక్కటే: డబ్బు పెట్టి కొన్న ఆట లైబ్రరీలో కనబడటం లేదు. సర్వర్‌లో ఏదో దోషం ఉండి ఉంటుందని నేను మొదట అనుకున్నాను. సంస్థలో ఖాతాలు చూసేవారు ఒక్కొక్క ఫిర్యాదునూ సరిచూసి, ఎవరి ఆట వారి పేరు మీదే ఉందని, ఒక్కటి కూడా పోలేదని చెప్పారు. ఉన్న ఆటను ఉన్నచోటే మా పేజీ కనబడనీయకుండా చేస్తోందన్నమాట. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలా కష్టంగా అనిపించింది, ఎందుకంటే పాత పేజీలో సగం నా చేతి పనే.

మా చిన్నప్పుడు ఆట అంటే సీడీ. సీడీ కనబడకపోతే అర వెతికేవాళ్లం, పరుపు కింద చూసేవాళ్లం, తీసుకెళ్లిన స్నేహితుణ్ణి అడిగేవాళ్లం. 2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ, ఆన్‌లైన్‌లో ఆటలు అందించే స్టీమ్‌ను మొదలుపెట్టిన తరువాత, 2008లో జీఓజీ, 2018 డిసెంబరులో ఎపిక్ దుకాణం వచ్చిన తరువాత, చాలామందికి ఆట చేతికి అందే వస్తువుగా లేకుండా పోయింది. కొన్నదానికి గుర్తుగా మిగిలేది లైబ్రరీ పేజీలో ఒక చిన్న బొమ్మ, దాని కింద ఒక పేరు. ఆ బొమ్మ కనబడకపోతే వెతకడానికి వేరే చోటు లేదు. అందుకే ఈ పేజీని దుకాణం పేజీలా చూడకూడదని, ఇది కొన్నవారి ఇంట్లోని గది వంటిదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

అయినా మొదటి రెండు వారాలు నేను తప్పుదారిలోనే నడిచాను. ఫిర్యాదుల జాబితాను పక్కన పెట్టి, పెద్ద పెద్ద ముఖచిత్రాలతో, పక్కకు జరిగే వరుసలతో, మౌస్ తగలగానే బొమ్మ కొద్దిగా పైకి లేచే హంగులతో కొత్త పేజీని గీశాను. చూడటానికి అది నిజంగానే అందంగా ఉండేది. సెలవులకు వచ్చిన మా పిన్ని కొడుకు డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు. వాడి ఖాతాను ఆ నమూనాలో తెరిచి ముందు పెట్టాను. కాసేపు అటూ ఇటూ జరిపి "బలే ఉందక్కా" అన్నాడు. ఇంకాసేపటికి, "అది సరేగానీ, నా ఆటలు యాడికి పోయినాయక్కా?" అని అడిగాడు. వాడి ఖాతాలో 60కి పైగా ఆటలుంటే నా అందమైన వరుసల్లో ఒక్కసారికి కనబడేవి ఏడే. మిగిలినవి పక్కకు జరిపితే వస్తాయని గీసిన నాకు తెలుసు గానీ, వాడికి ఎలా తెలుస్తుంది? ఆ రాత్రే ఆ నమూనాను మూసి, మళ్లీ ఫిర్యాదుల జాబితా తీశాను.

గీయడం ఆపి, చూడటం మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. మనిషికి ఒక పని చెప్పి, అది చేస్తున్నంతసేపూ మనసులో అనుకునేది పైకి చెప్పమని అడిగి, పక్కన మౌనంగా కూర్చోవడం ఈ రంగంలో పాత పద్ధతే. 1982లో ఐబీఎంలో పరిశోధకుడు క్లేటన్ లూయిస్ దీన్ని కంప్యూటర్ తెరల పరిశీలనకు వాడారు. ఎంతమంది కావాలన్న ప్రశ్నకు, వెబ్ పేజీల వాడుకను పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో ఇచ్చిన సమాధానం, ఒక విడతకు ఐదుగురు చాలు అన్నది. అయితే ఆయన మాటను సగమే గుర్తుపెట్టుకోవడం పరిపాటి అయింది. పదిహేను మంది దొరికితే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకుండా, ఐదుగురితో చూసి, సరిచేసి, మళ్లీ ఐదుగురితో చూడాలన్నదే అందులోని అసలు విషయం. ఐదుగురితో లోపాలు దొరుకుతాయి గానీ శాతాలు లెక్కగట్టడానికి ఆ సంఖ్య పనికిరాదు. కాబట్టి ఈ వ్యాసంలో నేను శాతాలు చెప్పను.

నా ఐదుగురిలో మొదటివాడు మా పిన్ని కొడుకే. రెండో వ్యక్తి ట్రంకు రోడ్డు దగ్గర ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపి, పిల్లకాయల చేత లాన్ మీద, అంటే ఒకదానితో ఒకటి కలిపిన కంప్యూటర్ల మీద, ఆటలాడించిన అన్న; ఆయన ఖాతాలో 200కు పైగా ఆటలున్నాయి. మూడో వ్యక్తి మా వీధి చివరన ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన కంప్యూటర్‌లో చదరంగం, పదాల ఆటలు ఆడుకుంటారు. నాలుగో వ్యక్తి మా తోడికోడలు. ఆమెకు ఆటల మీద మోజు లేదు గానీ, ఎనిమిదేళ్ల కూతురికి ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో చూసుకోవాల్సింది ఆమే. ఐదో అతను బోగోలు వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా చూసే తమ్ముడు. చెరువు గట్టు మీద షెడ్డులో పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో మధ్యమధ్యలో చూసి వస్తూ, సెల్‌ఫోన్ డేటాతోనే ఆటలు దించుకుంటాడు. ఇతని వల్ల నేను నేర్చుకున్నది మిగిలిన నలుగురి వల్ల నేర్చుకున్నదానికంటే ఎక్కువ.

నాకు అన్నిటికంటే కష్టమైన పని నోరు మెదపకుండా కూర్చోవడం. మాస్టారు తెర వైపు, నా వైపు మార్చిమార్చి చూసి, "అమ్మా, ఇది నొక్కొచ్చా?" అని అడిగినప్పుడు, "నొక్కితే ఏమవుతుందని మీకు అనిపిస్తోంది మాస్టారూ?" అని మాత్రమే నేను అనాలి. మాకు పాఠం చెప్పిన మనిషిని అలా ప్రశ్నించడం ఎంతో ఇబ్బందిగా ఉండేది. కానీ నేను ఒక్కసారి వేలు పెట్టి చూపించి ఉంటే ఆ లోపం నా కంటికి ఎన్నటికీ కనబడేది కాదు. ఆయన ఇబ్బంది పడ్డ ప్రతిచోటా తప్పు పేజీదే గానీ ఆయనది కాదని ముందుగానే చెప్పి కూర్చోబెట్టాను, లేచేటప్పుడు మళ్లీ చెప్పాను.

"ఆట కనబడటం లేదు" అన్న ఫిర్యాదు అసలు రహస్యం నెట్ సెంటర్ అన్న దగ్గర బయటపడింది. ఎప్పుడో కొన్న ఒక కార్ల పందెం ఆటను వెతకమని ఆయన్ను అడిగాను. ఆయన పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "నా కాడ ఉండాల్సిందే, ఎవురో తీసేసినట్టుండారు" అన్నారు. కారణం ఏమిటంటే, కొన్ని వారాల కిందట ఆయన "ఇన్‌స్టాల్ అయినవి మాత్రమే" అన్న ఫిల్టర్‌ను ఒకసారి నొక్కారు. పేజీ దాన్ని గుర్తుపెట్టుకుంది. మళ్లీ తెరిచినా, కంప్యూటర్ ఆపి వేసినా ఆ ఫిల్టర్ పోలేదు. అది పనిచేస్తోందని చెప్పే గుర్తు, పైన మూలన గరాటు బొమ్మ పక్కన ఉన్న ఒక చిన్న నీలి చుక్క. ఆ చుక్కను పెట్టింది నేనే. 200 ఆటల్లో 9 మాత్రమే కనబడుతున్నా, అవి 9 మాత్రమేనని పేజీ ఎక్కడా చెప్పలేదు. జాబితా మామూలుగా మొదలై మామూలుగా ముగిసింది, అంతే.

దీన్ని సరిచేయడానికి పెద్ద సాంకేతిక శ్రమ ఏమీ పట్టలేదు. జాబితా పైన ఎప్పుడూ ఒక వాక్యం ఉండేలా చేశాను: "మీ 214 ఆటల్లో 9 కనబడుతున్నాయి, ఇన్‌స్టాల్ అయినవి మాత్రమే." దాని పక్కనే "అన్నీ చూపించు" అన్న బటన్ పెట్టాను. జాబితా చివర కూడా, "ఫిల్టర్ వల్ల మరో 205 ఆటలు కనబడటం లేదు" అన్న వరుస చేర్చాను, ఎందుకంటే వెతికి వెతికి మనిషి చేరేది అక్కడికే. రోజు మారితే ఫిల్టర్ తనంతట తాను తొలగిపోయేలా చేద్దామా అని కొంత తర్జనభర్జన జరిగింది. కావాలనే ఎప్పుడూ ఒకే ఫిల్టర్ వాడుకునేవారికి అది రోజూ చికాకు కలిగిస్తుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవడాన్ని ఉంచి, దాచడాన్ని మాత్రం తీసేశాను. ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఈ ఒక్క మార్పుతోనే ఆగిపోయిందని సంస్థవారు తరువాత చెప్పారు.

అసలు ఏయే ఫిల్టర్లు ఉండాలన్నది మరో ప్రశ్న. పాత పేజీలో ఆటల రకాల పేర్లే 30 దాకా ఉండేవి; వ్యూహం, సాహసం, అనుకరణ ఇలా. ఆటల పేర్లు చీటీల మీద రాసి, చాప మీద పరిచి, "మీకు తోచినట్టు కుప్పలు పెట్టండి" అని మా పిన్ని కొడుకును, తోడికోడలిని, నెట్ సెంటర్ అన్నను వేర్వేరుగా అడిగాను. ఒక్కరు కూడా నా 30 రకాల ప్రకారం కుప్పలు పెట్టలేదు. "నెట్ లేకపోయినా ఆడేవి", "నలుగురం కలిసి ఆడేవి", "సగంలో ఆపినవి", "పాపకు పెట్టొచ్చు" అంటూ తమ అవసరాన్ని బట్టి పేర్చారు. అందులోనూ ఒకే చీటీని రెండు కుప్పల్లో పెట్టాలనుకుని, "ఇది రెండిట్లోనూ ఉండాలే, ఏం చెయ్యమంటావక్కా?" అని మా తోడికోడలు నన్ను అడిగింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో పుస్తకాలను విభజించే కోలన్ వర్గీకరణ పద్ధతిని ప్రకటించినప్పుడు ఎదుర్కొన్నది సరిగ్గా ఈ ఇబ్బందినే. ఒక పుస్తకానికి ఒకే పెట్టె కేటాయించే బదులు, దాని విషయం, స్థలం, కాలం వంటి ముఖాలను విడివిడిగా గుర్తించి కలుపుకోవచ్చని ఆయన చూపించారు. ఈనాటి ఫిల్టర్ల వెనుక ఉన్న ఆలోచన అదే. చదువరి సమయం వృథా కానీయకూడదన్నది ఆయన 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది. లైబ్రరీ అన్న మాటను వాడుకుంటున్న పేజీకి ఆ సూత్రం వర్తించదని ఎవరూ అనలేరు కదా. చివరికి నేను ఉంచింది నాలుగు ముఖాలే: ఎందరు ఆడతారు, నెట్ కావాలా, ఎంత జాగా పడుతుంది, ఎక్కడ ఆపారు. రకాల పేర్లను సెర్చ్‌లో పనిచేసేలా ఉంచి, పేజీ మీద నుంచి తీసేశాను.

సెర్చ్ దగ్గర నాకు పట్టిన కాలం మిగిలిన అన్నింటికీ కలిపి పట్టినంత ఉంటుంది. పాత సెర్చ్ పేరు మొదటి అక్షరం నుంచి వరుసగా కలిస్తేనే ఆటను చూపేది. "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2" అని టైపు చేస్తే ఏమీ రాదు, ఎందుకంటే అధికారిక పేరులో 2 అంకెగా లేదు, రోమన్ సంఖ్యగా ఉంది. "జీటీఏ" అని కొడితే రాదు, ఎందుకంటే "గ్రాండ్ థెఫ్ట్ ఆటో" అన్న పూర్తి పేరే జాబితాలో ఉంది. పేరు మధ్యలో ఉండే కోలన్, అడ్డగీత, ట్రేడ్‌మార్క్ గుర్తు, ఇవన్నీ వెతికేవారికి అడ్డుగోడలే. వీటన్నింటినీ పోల్చడానికి ముందు ఒకే రూపంలోకి తెచ్చాను. అక్షరదోషాలకు 1965లో గణిత శాస్త్రవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ ప్రతిపాదించిన కొలతను వాడాను. ఒక మాటను మరో మాటగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అన్న లెక్క అది. పేరు పొట్టిదైతే ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుంది. నాలుగక్షరాల పేరులో రెండక్షరాల తేడాను ఒప్పుకుంటే ఏ ఆటకు ఏ ఆటయినా దగ్గరదే అవుతుంది. కాబట్టి పొట్టి పేర్లకు ఒక్క అక్షరం తేడానే ఒప్పుకునేలా కట్టడి చేశాను.

ఇంతవరకూ ఎవరైనా చేసేదే. మాస్టారు తెలుగులో టైపు చేయడంతో అసలు పని మొదలైంది. ఆయన సెర్చ్‌లో "చదరంగం" అని రాశారు, ఏమీ రాలేదు. "చెస్" అని రాశారు, రాలేదు. మా పిన్ని కొడుకు కూడా ఫోన్ కీబోర్డు తెలుగులో ఉన్నందున ఒక పేరును తెలుగు లిపిలోనే కొట్టాడు. వారి మాట అర్థం చేసుకోవడానికి మా సెర్చ్‌కు తెలుగే రాదు. దానికి తెలుగు నేర్పడానికి కూర్చుంటే, ఒకే పేరును మనం ఎన్ని రకాలుగా రాస్తామో అప్పుడు నాకు స్పష్టంగా కనబడింది. "ఎంపైర్స్" అని ఒకరు, "ఎంపయిర్స్" అని మరొకరు, "ఎమ్పైర్స్" అని ఇంకొకరు రాస్తారు. కాబట్టి ఐ, అయి రెంటినీ ఒకటిగా, ఔ, అవు రెంటినీ ఒకటిగా, సున్నాను దాని స్థానంలో వచ్చే మ్, న్ లతో సమానంగా, హ్రస్వ దీర్ఘాలను దగ్గరివిగా లెక్కపెట్టే నియమాలు రాశాను. వీటికి తోడు కంటికి కనబడని మరో చిక్కు ఉంది. "ఇన్‌స్టాల్" వంటి మాటలో నకారం కింద వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో ఒక అదృశ్య అక్షరం పెడతారు. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. మనిషికి రెండూ ఒకే మాటగా కనబడినా కంప్యూటర్‌కు అవి వేర్వేరు. ఆ అదృశ్య అక్షరాన్ని పోలికలో లెక్కలోకి తీసుకోవద్దని చెప్పిన తరువాత గానీ సగం మాటలు కలవలేదు.

లిపి విషయంలోనే మరొక లోపం నన్ను బాధపెట్టింది. పేరు పొడవైతే 20 అక్షరాల దగ్గర కత్తిరించమని పాత ప్రోగ్రాంలో రాసి ఉంది. రోమన్ లిపిలో అది సరిపోతుంది. తెలుగులో "లక్ష్మి" అన్న మాట మన కంటికి రెండక్షరాలే అయినా, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7. ఆ లెక్కన కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి, పొల్లు వేలాడుతూ మిగులుతుంది. పైగా వరుసల మధ్య ఎడం రోమన్ అక్షరాలకు తగ్గట్టు బిగించి ఉండటంతో వత్తుల అడుగు భాగం కనబడేది కాదు. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని, "వత్తులన్నీ నరికేశారేమమ్మా" అన్నారు. వరుస ఎత్తును అక్షరం ఎత్తుకు 1.2 రెట్ల నుంచి 1.6 రెట్లకు పెంచి, కత్తిరింపును పూర్తి అక్షరాల లెక్కకు మార్చాను. అదే సమయంలో ముదురు నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలను కూడా మార్చాను. మామూలు అక్షరాలకు, నేపథ్యానికి మధ్య వెలుగులో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వ్యత్యాసం ఉండాలని, పేజీ అందరికీ అందుబాటులో ఉండటానికి పెట్టిన వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. మా బూడిద రంగు దాని దరిదాపుల్లో కూడా లేదు.

ఇక చెరువు గట్టు సంగతి. అతని డేటా పథకం రోజుకు 1.5 జీబీ. కొత్త ఆట దించుకోమని అడిగితే, అతను ఆట పేరు కూడా చూడకుండా "ఇది ఎంత సైజు?" అన్నాడు. మా పేజీ ఆ సంగతి ఎక్కడా చెప్పదు. ఇన్‌స్టాల్ నొక్కి, ఫోల్డర్ ఎంచుకున్న తరువాత గానీ సైజు రాదు. కాబట్టి "దించాల్సింది ఎంత, డిస్కులో పట్టేది ఎంత" అన్న రెండు అంకెలనూ బటన్ పక్కనే పెట్టాను. ఈ రెండూ ఒకటి కావని, దించేటప్పుడు కుదించి పంపిన ఫైళ్లు తరువాత విచ్చుకుంటాయని నాకు తెలుసు గానీ, పేజీ ఎన్నడూ విడమరచి చెప్పలేదు.

అతని తెర మీద పేజీ తెరుచుకోవడానికే చాలాసేపు పట్టేది. కారణం వెతికితే సిగ్గుపడాల్సినంత సరళంగా ఉంది. ముఖచిత్రాలను మేము 600కు 900 పిక్సెళ్ల కొలతలో పంపుతున్నాం. తెర మీద అవి 150కి 225 కొలతలో కనబడుతున్నాయి. అంటే ఒక్కో బొమ్మకు చూపించాల్సినదానికి 16 రెట్ల పిక్సెళ్లు అతని డేటాలోంచి పోతున్నాయి. తెరకు తగ్గ కొలతల్లో బొమ్మలు తయారుచేయించి, తక్కువ సైజులో పట్టే వెబ్‌పీ రూపంలోకి మార్పించి, తెర మీదికి వచ్చేదాకా కిందివాటిని దించవద్దని బ్రౌజర్‌కు చెప్పాను. క్రోమ్‌లో 2019 నుంచి ఇందుకు ఒక్క మాట రాస్తే చాలు.

వేగం కంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉందని ఆ షెడ్డులోనే చూశాను. బొమ్మలకు ముందుగా చోటు కేటాయించకపోవడంతో, ఒక్కో బొమ్మ వచ్చినప్పుడల్లా కింది వరుసలు జరిగేవి. అతను "ఆడు" మీద నొక్కబోతుండగా పైన ఒక బొమ్మ వచ్చి వరుస దిగింది, వేలు "తొలగించు" మీద పడింది. ఆట తొలగిపోయింది. రెండు రాత్రుల డేటాతో దించుకున్న ఆట అది. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇది అప్పుడప్పుడు జరిగేదే అక్కా" అని, లేచి ఏరియేటర్లు చూడటానికి వెళ్లాడు. నేను ఆ షెడ్డులో కూర్చుని, ఆ దోషాన్ని వెంటనే రాసుకున్నాను. ఈ పని మొత్తంలో నేను మరచిపోలేని క్షణం అదే. "అప్పుడప్పుడు జరిగేదే" అన్న మనిషి ఎన్నడూ ఫిర్యాదు రాయడు. సంస్థవారు పంపిన ఆరు నెలల జాబితాలో ఈ దోషం గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

బొమ్మలన్నింటికీ వెడల్పు, ఎత్తు ముందే ప్రకటించి చోటు కేటాయించాను. దాంతో వరుసలు జరగడం ఆగిపోయింది. "తొలగించు"ను "ఆడు" పక్కనుంచి తీసి, ఆట లోపలి పేజీకి పంపాను. నొక్కిన తరువాత ఆట పేరుతో, మళ్లీ దించాలంటే ఎంత డేటా కావాలో చెప్పి అడిగేలా చేశాను. బటన్లు మరీ చిన్నవిగా ఉండటం కూడా కారణమే. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే చేరడానికి అంత సమయం పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే లెక్కగట్టి చూపారు. 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ ప్రమాణాల 2.2 సంచిక కనీస కొలతగా 24కు 24 పిక్సెళ్లు అడుగుతుంది. తడి చేతులతో, అరకొర వెలుతురులో వాడేవారిని చూశాను కాబట్టి నేను 44 పెట్టాను. బటన్ స్థితిని రంగుతోనే చెప్పడం మానేసి, "ఆడు", "దించు", "అప్‌డేట్ కావాలి", "ఆగింది, 40 శాతం" అని మాటల్లో రాయించాను.

చిన్నవి మరికొన్ని జరిగాయి. డీఎల్‌సీలు అనే అదనపు భాగాలు విడి ఆటల్లా వరుసలో కలిసిపోతుంటే, వాటిని అసలు ఆట కింద చేర్చాను. ఆట వివరం చూసి వెనక్కి వస్తే జాబితా మొదటికి పోయేది; ఇప్పుడు వదిలిన చోటుకే వస్తుంది.

సంస్థతో వాదన జరిగింది ఒక్క విషయం మీదే. పేజీ పైభాగం మొత్తాన్ని కొత్త అమ్మకాల ప్రకటనలకు ఇవ్వాలని వారి వ్యాపార విభాగం కోరిక. ఆ విభాగంలో పనిచేసేవారికీ లక్ష్యాలు ఉంటాయి, అది నేను కాదనను. కానీ ఐదుగురిలో నలుగురు పేజీ తెరవగానే ఆ ప్రకటనలను దాటుకుని కిందికి జరిపారు. మాస్టారైతే తాను లైబ్రరీలో కాక దుకాణంలో ఉన్నానేమోనని వెనక్కి వెళ్లిపోయారు. వారి అనుమతితో తీసిన వీడియో ముక్కలను నేను సమావేశంలో చూపించాను, పక్కన ఏ వ్యాఖ్యానం చేయలేదు. స్టీమ్ 2019 అక్టోబరులో తన లైబ్రరీని పూర్తిగా మార్చినప్పుడు ఇటీవల ఆడినవాటికి ఒక వరుసను, సొంతంగా పేర్చుకునే సేకరణలను ఇచ్చిందని గుర్తుచేశాను. చివరికి ఒప్పుకున్నది ఇది: పైన ఇటీవల ఆడిన ఆరు ఆటలు, తరువాత మొత్తం జాబితా, ప్రకటన జాబితా ముగిసిన తరువాత. పూర్తిగా తీసెయ్యమని నేను అడిగాను, అది సాధించలేకపోయాను.

రెండో విడతకు కొత్తగా ఐదుగురిని కూర్చోబెట్టాను, పాతవారిలో మాస్టారిని, చెరువు తమ్ముణ్ణి మాత్రం మళ్లీ అడిగాను. ఈసారి కొలత కోసం వాడుక ఎంత సులువో కొలవడానికి జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన పది ప్రశ్నల పట్టికను తెలుగులోకి మార్చుకుని వెళ్లాను. అది నాకు పెద్దగా ఉపయోగపడలేదు. ఆ ప్రశ్నల్లో ఒకటి మెచ్చుకునేది, ఒకటి తప్పుబట్టేది, అలా మార్చిమార్చి వస్తాయి. "ఇది అనవసరంగా చిక్కుగా ఉంది: ఏకీభవించను" అన్నచోట మాస్టారు కలం ఆపి, "ఏకీభవించకపోతే మీకు మంచా, చెడా?" అని అడిగారు. ఆయన వ్యాకరణ దృష్టికి అది సరైన ప్రశ్నే. పట్టికను పక్కన పెట్టి, పనులు పూర్తయ్యాయా లేదా, ఎక్కడ ఆగారు అన్నది మాత్రమే రాసుకున్నాను. నెట్ సెంటర్ అన్న తడబడిన కార్ల ఆట పనిని కొత్తవారు ఐదుగురూ ఎవరినీ అడగకుండా పూర్తిచేశారు. పిల్లలకు వద్దనుకున్న ఆటను దాచే పనిలో మాత్రం ముగ్గురు ఆగిపోయారు. "దాచు" అని ఉన్నదాన్ని నొక్కితే ఆట శాశ్వతంగా పోతుందేమోనని వారి భయం. ఆ మాటను "ఈ జాబితాలో చూపించవద్దు" అని మార్చాను, దాచినవి ఎక్కడ ఉంటాయో దాని కిందే రాశాను. అది సరిపోయిందో లేదో మూడో విడతలో చూడాలి.

చెరువు తమ్ముడు ఈసారి షెడ్డులో పేజీ తెరిచి, తన డేటాలో మిగిలినది చూసుకుని, సైజు ప్రకారం ఆటలను పేర్చి, 700 ఎంబీ ఆట ఒకటి ఎంచుకున్నాడు. దించడం మొదలుపెట్టి ల్యాప్‌టాప్ మూత సగం వంచి చెరువు వైపు వెళ్లాడు. మాస్టారు "చదరంగం" అని రాశారు. ఆయన కొనుక్కున్న మూడు చదరంగం ఆటలూ వచ్చాయి. ఆయన వాటిని కాసేపు చూసి, "వెతికింది తెలుగులో అయినప్పుడు, వచ్చిన పేర్లు తెలుగులో ఎందుకు లేవమ్మా?" అన్నారు. ఆటల పేర్లను తెలుగు లిపిలో కూడా చూపించడానికి ఎవరి అనుమతి కావాలో, ఏ రాతను ప్రమాణంగా తీసుకోవాలో అడుగుతూ సంస్థకు ఉత్తరం రాశాను. 40 ఆటల పేర్లతో మొదటి పట్టిక ఈ వారం తయారవుతోంది. రాతలు సరిచూసి పెట్టడానికి మాస్టారు ఒప్పుకున్నారు.